చేసిన పని కాగితం మీదికి రావాలి: పనిలో ఉంటూనే మంచి ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకు ఒక పాఠం

కీసర, నాగారం, దమ్మాయిగూడ, రాంపల్లి నుంచి పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని నాచారం, మల్లాపూర్, చర్లపల్లి, ఉప్పల్ వైపు పనికి పోయేవాళ్ళ కోసం ఈ పాఠం. చదువు అయిపోయి మొదటి ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు సలహాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పది, పదిహేనేళ్ళుగా పనిలో ఉండి, ఇప్పుడు ఇంకోచోటికి మారాలనుకునేవాళ్ళకు చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాం. ఫోన్‌లో దాచుకోండి, ఇంట్లో, షిఫ్టులో తోటివాళ్ళకు పంపండి.

ముందుగా ఒక సంగతి

ఒక జాబ్ మేళాలో జరిగింది చెప్తాను. నాచారంలో సీఎన్‌సీ మెషీన్ మీద 14 ఏళ్ళుగా పనిచేస్తున్న ఒకాయన వచ్చారు. ఆయన ఇచ్చిన కాగితంలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మతం, హాబీలు, ఆధార్ నంబరు అన్నీ ఉన్నాయి. పని గురించి మాత్రం ఒకే ముక్క: "14 సంవత్సరాల అనుభవం". ఆయన వెనక నిలబడ్డ కుర్రాడికి రెండేళ్ళ అనుభవమే. కానీ ఏ మెషీన్లు నడిపాడో, ఏ గేజీలతో కొలుస్తాడో ఆరు లైన్లు రాసుకొచ్చాడు. టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళు ముందు ఆ కుర్రాడిని పిలిచారు.

ఆయన బయట చెట్టు కింద కూర్చుని ఉంటే పోయి పలకరించాను. "పని అంతా చేతుల్లో ఉంది సార్, కాగితంల ఏం రాయాలె?" అన్నారు. పది నిమిషాలు ప్రశ్నలు అడిగితే పేజీ నిండింది.

ఎదుటివాళ్ళు మీ చేతులను చూడలేరు, మీ కాగితాన్నే చూస్తారు. చేసిన పని అందులో లేకపోతే, వాళ్ళ లెక్కలో ఆ పని జరగనట్టే. ఈ పాఠం మొత్తం ఈ ఒక్క మాట గురించే.

ఇప్పుడే ఎందుకు?

ఆయన మేళాకు రావడానికి కారణం ఉంది. వాళ్ళ యూనిట్ ఔటర్ రింగ్ రోడ్ అవతలికి మారుతుందని మాట నడుస్తోంది. ఈ భయం ఆయన ఒక్కరిదే కాదు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన గ్రిడ్ పాలసీ ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి వంటి పారిశ్రామికవాడల్లో ఐటీకి చోటు కల్పించింది. 2025 నవంబరులో వచ్చిన హిల్ట్ పాలసీ, ఔటర్ లోపలి పారిశ్రామిక భూములను ఇతర అవసరాలకు మార్చుకునే వీలు ఇచ్చింది. ఏ యూనిట్ ఎప్పుడు మారుతుందో ఎవరూ తేదీ చెప్పలేరు. సిద్ధంగా ఉండటం మాత్రం మన చేతిలో ఉంది.

పర్మినెంట్ ఉద్యోగం అయినా ఇదే మాట. మౌలాలిలో హెచ్‌ఎంటీ బేరింగ్స్ అంటే ఒకప్పుడు పిల్లనిచ్చేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చే ఉద్యోగం. ఆ సంస్థను మూసేయడానికి కేంద్రం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. గేటు మూసిన రోజున రెజ్యూమ్ రాయడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. జీతం వస్తున్నప్పుడే రాసి పెట్టుకోండి.

మొదటి మెట్టు: మిమ్మల్ని మీరు అడగాల్సిన ఏడు ప్రశ్నలు

రెజ్యూమ్ ఇంగ్లిష్‌లోనే ఉండాలి కదా అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ముందు తెలుగులో రాయండి. ఒక నోటుబుక్కు తీసుకుని ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.

1. ఏ మెషీన్, ఏ సాఫ్ట్‌వేర్, ఏ వాహనం మీద పనిచేస్తున్నాను? దాని కంపెనీ పేరు, మోడల్ ఏమిటి?
2. ఒక షిఫ్టులో ఎంత పని చేస్తాను? పీసులా, బ్యాచ్‌లా, బిల్లులా, కాల్సా?
3. ఎవరూ చెప్పకుండా నేనే చేసుకోగల పని ఏది?
4. నా కింద ఎంతమంది ఉన్నారు? ఎంతమందికి పని నేర్పాను?
5. తప్పు జరిగితే పట్టుకునే పని నాదా? ఎలా పట్టుకుంటాను?
6. ఏ రిజిస్టర్ రాస్తాను, ఏ రిపోర్టు పంపుతాను?
7. నేను సెలవు పెడితే ఏ పని ఆగుతుంది?

ఏడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. మీ అసలు విలువ అక్కడే బయటపడుతుంది. ఆ సీఎన్‌సీ అన్నను ఇదే అడిగితే, "కొత్త జాబ్ వస్తే సెట్టింగ్ నేనే చెయ్యాలె సార్, నేను లేకుంటే మెషీన్ ఖాళీగ ఉంటది" అన్నారు. అంటే ఆయన ఆపరేటర్ మాత్రమే కాదు, సెట్టర్ కూడా. రెండింటికీ జీతంలో తేడా ఉంది. 14 ఏళ్ళలో ఆ మాట ఆయన ఎక్కడా రాసుకోలేదు.

రెండో మెట్టు: లైన్ ఎలా రాయాలి

ఆయన ముందు రాసింది:

"సీఎన్‌సీ ఆపరేటర్‌గా 14 సంవత్సరాల అనుభవం."

తర్వాత రాసింది:

"సీఎన్‌సీ టర్నింగ్ ఆపరేటర్, సెట్టర్. నాచారం. 2016 జూన్ నుంచి ఇప్పటివరకు.
• ఒక షిఫ్టులో 2 మెషీన్లు నడుపుతాను. జాబ్ సెట్టింగ్, టూల్ ఆఫ్‌సెట్ సొంతంగా చేస్తాను.
• డ్రాయింగ్ చదువుతాను. మైక్రోమీటర్, వెర్నియర్, బోర్ గేజ్‌తో కొలుస్తాను.
• షిఫ్టుకు సుమారు 180 పీసులు. రిజెక్షన్ రిజిస్టర్ నేనే రాస్తాను.
• గత 3 ఏళ్ళలో 6 మంది కొత్తవాళ్ళకు పని నేర్పాను."

ఇందులో గొప్పలు ఏమీ లేవు. పని పేరు, సాధనం, లెక్క ఉన్నాయి. ప్రతి లైనులో ఈ మూడింటిలో కనీసం రెండు ఉండేలా చూసుకోండి. అబద్ధం మాత్రం రాయకండి. మెషీన్ ముందు నిలబెట్టి చేసి చూపించమంటే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మీ పని వేరైతే ఇలా ఆలోచించండి:

• ఫార్మా ప్యాకింగ్: లైన్ క్లియరెన్స్, బ్యాచ్ ప్యాకింగ్ రికార్డు రాయడం, ఏ ప్యాకింగ్ మెషీన్, ఆడిట్ జరిగినప్పుడు మీ బాధ్యత ఏమిటి. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో ప్రయత్నించేవాళ్ళకు ఈ మాటలే ముఖ్యం.
• అకౌంట్లు, బిల్లింగ్: టాలీలో ఏం చేస్తారు, నెలకు ఎన్ని ఇన్వాయిస్‌లు, జీఎస్‌టీ రిటర్నుకు లెక్కలు మీరే సిద్ధం చేస్తారా.
• డ్రైవర్: లైసెన్స్ రకం, నడిపిన వాహనాలు, రూట్లు, ప్రమాదం లేకుండా ఎన్నేళ్ళు.
• స్టోర్స్, గోదాం: ఎన్ని రకాల సరుకు, స్టాక్ లెక్క ఎందులో ఎక్కిస్తారు, నెలాఖరు లెక్కలో తేడా ఎంత వస్తుంది.
• ఉప్పల్, పోచారం వైపు ఐటీ, బీపీవో ఉద్యోగులు: ప్రాజెక్టు పేరు రాసి వదిలేయకండి. టీమ్ మొత్తం ఏం చేసిందో కాదు, అందులో మీ వంతు ఏమిటో రాయండి.

మూడో మెట్టు: పేజీ ఎలా ఉండాలి

పదేళ్ళ లోపు అనుభవానికి ఒక పేజీ చాలు. ఎక్కువుంటే రెండు, అంతకు మించొద్దు. వరుస ఇది: పేరు, ఫోన్, ఈమెయిల్, ఉండే ఊరు. తర్వాత మీరెవరో రెండు లైన్లు. తర్వాత అనుభవం, ఇప్పటి ఉద్యోగం పైన, పాతవి కింద. ఆ తర్వాత మెషీన్లు, సాఫ్ట్‌వేర్ల జాబితా. చివర చదువు, సర్టిఫికెట్లు. అనుభవం ఉన్నవాళ్ళు చదువును పైన పెట్టాల్సిన పని లేదు.

రాయకూడనివి: ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు, కులం, మతం, తండ్రి పేరు, ఇంటి పూర్తి చిరునామా. రెజ్యూమ్ ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదు. ఈ నంబర్లు ఉద్యోగం ఖాయమయ్యాక ఇస్తే సరిపోతుంది.

పెద్ద కంపెనీల్లో రెజ్యూమ్‌ను ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, తర్వాతే మనిషి. అందుకని డబ్బాలు, రంగులు, డిజైన్లు వద్దు. ప్రకటనలో వాళ్ళు వాడిన మాటలే, మీకు నిజంగా వచ్చిన పనైతే, మీరూ వాడండి. వాళ్ళు "క్వాలిటీ ఇన్‌స్పెక్టర్" అంటే మీరు "చెకింగ్ పని" అని రాయకండి. ఇంగ్లిష్‌లోకి మార్చడానికి ఇంట్లో చదువుకునే పిల్లల సాయం తీసుకోండి. జిరాక్స్ సెంటర్‌లో టైపు చేయిస్తే ఫైలును పీడీఎఫ్‌గా మీ ఫోన్‌కు పంపించుకోండి. సెంటర్ కంప్యూటర్‌లో ఉన్న కాపీని తీసేయమనండి.

నాలుగో మెట్టు: కాగితాలు రెజ్యూమ్‌తో కలవాలి

చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే. ఇంటర్వ్యూ బాగా చేస్తారు, సెలెక్ట్ అవుతారు, వెరిఫికేషన్‌లో ఆగిపోతారు.

పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనక ఉంటుంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. పుట్టిన తేదీ కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. పీఎఫ్‌లో దిద్దడానికి జాయింట్ డిక్లరేషన్ అనే పద్ధతి ఉంది.

పీఎఫ్ సర్వీస్ హిస్టరీ. మీ యూఏఎన్‌తో ఈపీఎఫ్‌వో మెంబర్ పోర్టల్‌లోకి వెళ్తే ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో కనిపిస్తుంది. కొత్త కంపెనీ కూడా దీన్నే నమ్ముతుంది. పాత కంపెనీ మానేసిన తేదీ నమోదు చేయకపోతే, మీరు ఒకేసారి రెండుచోట్ల పనిచేసినట్టు కనిపిస్తుంది. మానేసి రెండు నెలలు దాటితే ఆ తేదీని మీరే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు, "మార్క్ ఎగ్జిట్" అని ఉంటుంది. దీనికి ఆధార్‌తో లింకైన ఫోన్ దగ్గర ఉండాలి.

కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్ళు ఇంకోటి కూడా చూసుకోవాలి. జీతంలో కోసిన పీఎఫ్ నిజంగా కడుతున్నారా? యూఏఎన్‌లో నమోదైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరిసారి జమైన మొత్తం, బ్యాలెన్స్ మెసేజ్‌గా వస్తాయి. ఖర్చు లేదు.

అనుభవ పత్రం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం కార్మికులందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. మీకు లేకపోతే అడగండి. పాత కంపెనీ మూతపడి ఎక్స్‌పీరియన్స్ లెటర్ దొరకకపోతే పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, పాత ఐడీ కార్డు ఒకచోట పెట్టుకోండి. ఇవన్నీ కలిస్తే రుజువే.

సర్టిఫికెట్ లేని పనితనం. ఐటీఐ చదవకుండా పనిలోనే పని నేర్చుకున్నవాళ్ళు మన ప్రాంతంలో చాలామంది. వాళ్ళ కోసం ఆర్‌పీఎల్ అనే పద్ధతి ఉంది, అంటే ముందే వచ్చిన పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇది భాగం. మీ పనికి దగ్గర్లో ఎక్కడ జరుగుతోందో స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ పోర్టల్‌లో చూడండి.

ఐదో మెట్టు: ఎక్కడ వెతకాలి

• డీట్: తెలంగాణ ప్రభుత్వ డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌చేంజ్. కంపెనీలు, ఉద్యోగం కావాల్సినవాళ్ళు నేరుగా కలిసే చోటు. ఫీజు లేదు.
• నేషనల్ కెరీర్ సర్వీస్: 2015 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పోర్టల్. ఇప్పటికే పనిలో ఉన్నవాళ్ళు కూడా నమోదు చేసుకోవచ్చు. సందేహాలకు 1514 నంబరు. దీనికీ ఫీజు లేదు.
• టామ్‌కామ్: విదేశాల్లో పని చూసుకునేవాళ్ళ కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ.
• గేటు బోర్డులు, తెలిసినవాళ్ళు: పారిశ్రామికవాడల్లో ఇప్పటికీ చాలా ఉద్యోగాలు నోటిమాట మీదే నిండుతాయి. గతంలో మీతో పనిచేసి వేరేచోటికి పోయినవాళ్ళ పేర్లు పది రాయండి. వారానికి ఇద్దరికి ఫోన్ చేయండి. "ఏదైనా ఉంటే చెప్పన్నా" అని వదిలేయకండి. "సెట్టర్ పని ఉంటే చెప్పన్నా, రెజ్యూమ్ పంపుతున్నా" అనండి. ఏ పనో చెప్తేనే వాళ్ళకు గుర్తుంటుంది.

అక్కలకు, చెల్లెళ్ళకు ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రమంతా మహిళలకు టికెట్ లేదు. ఇంటి దగ్గర తక్కువ జీతానికి సర్దుకునే ముందు, ఉప్పల్ వరకు బస్సులో పోయి వస్తే చేతికి ఎంత మిగులుతుందో లెక్కేసి చూడండి. పిల్లల కోసం కొన్నేళ్ళు ఆగినవాళ్ళు ఆ విరామాన్ని దాచకండి. "2019 నుంచి 2023 వరకు కుటుంబ బాధ్యతలు" అని ఒక లైను రాస్తే చాలు. ఖాళీ కనిపిస్తే అనుమానం వస్తుంది, కారణం కనిపిస్తే రాదు.

ఆరో మెట్టు: ఇప్పటి ఉద్యోగానికి దెబ్బ తగలకుండా

చేతిలో ఆఫర్ లెటర్ లేకుండా రాజీనామా చేయకండి. "రండి, చూద్దాం" అన్నది ఆఫర్ కాదు. జీతం, చేరే తేదీ రాసిన లెటర్ వచ్చాకే ఇక్కడ చెప్పండి.

ఆఫీసు కంప్యూటర్, ఆఫీసు ఈమెయిల్ వాడొద్దు. నౌకరీ లాంటి సైట్లలో మీ కంపెనీకి మీ ప్రొఫైల్ కనపడకుండా పెట్టుకునే వీలుంది, వాడుకోండి. సూపర్‌వైజర్ నంబరు ఆయనకు చెప్పకుండా ఎవరికీ ఇవ్వొద్దు.

షిఫ్టులు చేసేవాళ్ళకు టైము దొరకదు, నిజమే. ఇలా పంచుకోండి: ఒక వీక్లీ ఆఫ్‌లో రెజ్యూమ్, ఇంకో వీక్లీ ఆఫ్‌లో కాగితాలు. ఆ తర్వాత రోజుకు అరగంట, వారానికి మూడు చోట్ల అప్లై. యాభై చోట్లకు ఒకే కాగితం పంపడం కన్నా, మూడు చోట్లకు ప్రకటన చదివి పంపడం మేలు.

ఎందుకు మానేస్తున్నారని ఇంటర్వ్యూలో అడుగుతారు. పాత మేనేజర్‌ను తిట్టకండి. "అక్కడ నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాను, బాధ్యత ఎక్కువున్న పని చూస్తున్నాను" అంటే చాలు.

మానేసేటప్పుడు ఫోన్ ఆపేసి మాయమవ్వకండి. రాజీనామా ఈమెయిల్‌లో పంపి కాపీ పెట్టుకోండి. నోటీసు పూర్తి చేసి రిలీవింగ్ లెటర్ తీసుకోండి. కొత్తచోట పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి, పీఎఫ్ డబ్బులు డ్రా చేయకుండా బదిలీ చేయించుకోండి. పీఎఫ్ పెన్షన్‌కు మొత్తం 10 ఏళ్ళ సర్వీసు కావాలి. మారినప్పుడల్లా పెన్షన్ డబ్బులు కూడా తీసేసుకుంటే ఆ ఏళ్ళ లెక్క పోతుంది.

జీతం: చెప్పేది ఒకటి, చేతికొచ్చేది ఒకటి

"నెలకు 20,000 సీటీసీ" అంటే చేతికి 20,000 రాదు. ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. బేసిక్ 12,000 అనుకుందాం.

• కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం: 1,440
• కంపెనీ కట్టే ఈఎస్‌ఐ 3.25 శాతం: సుమారు 584
• ఈ రెండూ సీటీసీలోనే ఉంటే మిగిలే గ్రాస్: 17,976
• అందులోంచి మీ వాటా పీఎఫ్: 1,440
• మీ వాటా ఈఎస్‌ఐ 0.75 శాతం: సుమారు 135
• వృత్తి పన్ను: 150

చేతికి వచ్చేది సుమారు 16,250. ఇప్పుడు మీరు 16,000 ఇంటికి తెస్తుంటే, "20,000" అన్న మాట విని మారడం వల్ల పెరిగేది 250 మాత్రమే. అందుకే "టేక్ హోమ్ ఎంత?" అని అడగండి. ఓటీ రేటు, వీక్లీ ఆఫ్, క్యాంటీన్, బస్సు సంగతి కూడా అడగండి. అడగడం తప్పు కాదు.

మోసం గుర్తుపట్టే గుర్తులు

• ఉద్యోగం ఇచ్చే ముందే రిజిస్ట్రేషన్, యూనిఫాం, ల్యాప్‌టాప్, ట్రైనింగ్ పేరుతో డబ్బు అడగడం.
• టెలిగ్రామ్‌లో "టాస్కులు", లైకులు కొడితే డబ్బు అనడం.
• ఇంటర్వ్యూ లేకుండానే ఆఫర్ లెటర్ పంపడం.
• ఓటీపీ, బ్యాంకు పాస్‌బుక్ ఫొటో అడగడం.
• విదేశంలో డేటా ఎంట్రీ అని చెప్పి టూరిస్ట్ వీసా మీద పొమ్మనడం. ఇలా పోయి మయన్మార్, కంబోడియాల్లో సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కుకున్నవాళ్ళలో మన రాష్ట్రం వాళ్ళూ ఉన్నారు.

విదేశాలకు పంపే ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఎక్కువగా అడిగే ప్రశ్నలు

*నాకు 45 ఏళ్ళు దాటాయి. ఎవరు తీసుకుంటారు?*
వయసు రెజ్యూమ్‌లో రాయాల్సిన పని లేదు. నేర్పగలగడం, కొత్తవాళ్ళ చేత పని చేయించగలగడం మీ బలం. దాన్ని పైన రాయండి.

*మధ్యలో ఆరు నెలలు ఆటో నడిపాను. రాయాలా?*
రాయండి. ఖాళీగా కూర్చోలేదని తెలుస్తుంది. సిగ్గుపడే పని కాదు.

*మారాలని లేదు. నాకెందుకు ఇదంతా?*
ఉన్నచోటే జీతం పెంచమని అడిగేటప్పుడు కూడా ఇదే కాగితం పనికొస్తుంది. ఏడాదికి రెండుసార్లు, ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి, కొత్తగా నేర్చుకున్నది చేర్చుకోండి.

ఈ వారం చేయాల్సినవి

☐ ఏడు ప్రశ్నలకు జవాబులు నోటుబుక్కులో
☐ 9966044425కు మిస్డ్ కాల్
☐ మెమో, ఆధార్, పీఎఫ్‌లో పేరు, పుట్టిన తేదీ సరిచూడటం
☐ పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో మానేసిన తేదీలు చూడటం
☐ డీట్, నేషనల్ కెరీర్ సర్వీస్‌లో పేరు నమోదు
☐ పాత తోటివాళ్ళలో ఇద్దరికి ఫోన్

ఆ సీఎన్‌సీ అన్న ఈమధ్య ఫోన్ చేశారు. ఉద్యోగం ఇంకా రాలేదు. "రెండు చోట్ల పిలిచిన్రు సార్, ఒక్కదాంట్ల మెషీన్ ముందల నిలబెట్టిన్రు, చేసి చూపించిన" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఆ పేజీని ఇంట్లో పదో తరగతి చదివే బిడ్డ ఇంగ్లిష్‌లోకి మార్చింది. మార్చుతూ, "నాన్నా, నువ్వు ఇన్ని పనులు చేస్తవా?" అని అడిగిందట.

మీ ఇంట్లోవాళ్ళకూ తెలియకపోవచ్చు. రాసి చూపించండి.

— జిల్లా సమాచార, పౌర సంబంధాల విభాగం, మేడ్చల్–మల్కాజిగిరి